సర్కారు గునుగు

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఎల్లస్వామి వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. తలస్నానం చేయాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పెరట్లోకి వెళ్ళి తన పరిశోధన మొక్కలను కళ్ళారా ఒకసారి చూసుకోవాలి. తర్వాత తన గైడు ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు వెంట కాజీపేట స్టేషనుకు వెళ్ళి, ఢిల్లీ రైలు దిగే మాథుర్ మేడానికి దండ వేసి తీసుకురావాలి. ఆమె మొక్కలను చూస్తుంది, బాగుందంటుంది, సంతకం పెడుతుంది. ఆ సంతకం పడితే ఎల్లస్వామి పీహెచ్‌డీ ఫెలోషిప్ ఇంకా సాగుతుంది. పడకపోతే కేసముద్రం తిరిగిపోయి రాజమల్లు సేటు ధాన్యం అడ్తి దుకాణంలో గుమాస్తాగా కూర్చోవాలి. సేటుతో నాన్న ఆ మాట ముందే మాట్లాడి పెట్టాడు. నాన్నకు ఫెలోషిప్ మీద మొదటి నుంచీ నమ్మకం లేదు.

అది ఎనభై మూడో సంవత్సరం. సైన్సూ ఇంజనీరింగూ చదివినవాళ్ళకు సర్కారు నెలనెలా డబ్బిచ్చి మరీ పరిశోధన చేయిస్తుందన్న సంగతి వరంగల్లులోనే చాలామందికి తెలియదు, ఇక కేసముద్రంలో ఎవరికి తెలుస్తుంది? ఫెలోషిప్ వచ్చిన రోజున ఎల్లస్వామి ఇంటికి పరుగెత్తుకెళ్ళి ఆ మాట చెబితే, నాన్న కొమురెల్లి సంతోషించడం మాని అనుమానపడ్డాడు.

"చదివేటోడు ఫీజు కడ్తడు గని, చదివేటోనికి ఎదురు పైసలిచ్చుడేందిరా? దేని మీద చదువుతవు?"

"గునుగు మీద, నాయినా."

"గునుగా? మన జొన్నచేన్ల మొలిచే గునుగా?"

"ఔ. అది జొన్నకు అందాల్సిన బలమంత గుంజుకుంటది గద. మందు కొట్టి దాన్ని మొత్తమే లేకుంట చేసుడెట్లనో కనిపెట్టాలె."

"లేకుంట చెయ్యాలంటె ముందుగాల ఉండాలె గద?"

"అందుకే ముందుగాల పెంచుతాన."

కొమురెల్లి భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. "నేను కూలోళ్ళను పెట్టి పీకిస్తాన. సర్కారు నీకు పైసలిచ్చి పెంచిస్తాందా?" అన్నాడు. ఆ షాక్ నుంచి ఆయన ఇప్పటికీ తేరుకోలేదు.

పెంచడం కూడా ఏమంత సులువుగా సాగలేదు. మొదట యూనివర్సిటీలో తమ డిపార్ట్‌మెంటు తోటలోనే గునుగు నాటాడు. తోటమాలి పోశయ్య మంచి పనిమంతుడు. కలుపన్నది కంటబడితే ఆయన చేతులు ఊరుకోవు. సెలవుల్లో ఎల్లస్వామి ఊరికి వెళ్ళివచ్చేసరికి పరిశోధన మొత్తం పీకి, మడి శుభ్రంగా ఊడ్చి, బంతి నారు పోసి పెట్టాడు. మళ్ళీ నాటితే మళ్ళీ పీకాడు. చివరికి ప్రొఫెసర్ గారు పోశయ్యను గదిలోకి పిలిచి, "గునుగు కనబడితే పీకొద్దు, అర్థమైందా? పీకొద్దు" అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అయినా ఎల్లస్వామికి ధైర్యం చాలక, కుమార్‌పల్లిలో తాను అద్దెకుంటున్న ఇంటి పెరట్లోకి పరిశోధనను మార్చేసుకున్నాడు.

ఇంటివాళ్ళు ఫకీర్ మహమ్మద్, మెహరున్నీసా. ఫకీర్ మహమ్మద్ సంతల వెంట తిరిగి బట్టలమ్మే మనిషి కాబట్టి ఇంటి పెత్తనం, పెరటి పెత్తనం అన్నీ మెహరున్నీసావే. ఎల్లస్వామి ఆమెను పిన్ని వరసన ఖాలా అంటాడు, ఆమె అతన్ని బేటా అంటుంది. పెరటిని సగానికి తాడు కట్టి, ఒక సగంలో మొక్కలకు మందు కొట్టాడు. వాటికి ఎర్ర చీటీలు. రెండో సగానికి మందు కొట్టలేదు. వాటికి తెల్ల చీటీలు. ఎర్ర చీటీల మొక్కలు ఎండి కట్టెలయ్యాయి. తెల్ల చీటీల మొక్కలు నడుమెత్తు పెరిగి తెల్లగా విరగబూశాయి. చంటిపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది. మాథుర్ మేడం చూడాల్సింది ఆ తేడానే. ఫెలోషిప్ ప్రాణమంతా ఆ తేడాలోనే ఉంది.

తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎల్లస్వామి పెరటి తలుపు తీశాడు.

ఎడమ పక్క ఎర్ర చీటీల మొక్కలు ఎప్పటిలాగే ఎండి నిలబడి ఉన్నాయి. కుడి పక్క ఏమీ లేదు. మట్టి, మట్టిలోంచి పైకి చూస్తున్న కొయ్యకాళ్ళు, అక్కడక్కడ నేల మీద పడిన ఆకులు. అంతే. ఒక్క పువ్వు లేదు. ఎల్లస్వామి తలుపు మూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ తెరిచాడు. అప్పుడూ ఏమీ లేదు.

"ఖాలా! నా మొక్కలు! ఖాలా!"

మెహరున్నీసా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో వచ్చింది. "ఇచ్చిన బేటా" అంది.

"ఇచ్చినవా? ఎవలకిచ్చినవు?"

"మన వాడ చిలుకమ్మ వచ్చింది పొద్దుగాల. ఈ యేడు వానలు ఎనకబడ్డయి, గునుగు యాడ దొరుకుతలేదట. ఊరంత తిరిగిందట పాపం. బతుకమ్మకు పూలడిగితె లేవంటమా? ఈ ఇంటికి కోడలుగ వచ్చినప్పటి సంది నేను ఎవ్వలకు లేదనలే. కోసుకపో బిడ్డా అన్న. నేను నమాజుల ఉంటె ఇంకెవలెవలో గూడ వచ్చిండ్లు. వాళ్ళూ కోసుకున్నరు."

"ఖాలా, వాటిని జాగ్రత్తగ చూడుమని నీకెన్నిసార్లు చెప్పిన?"

మెహరున్నీసా నొచ్చుకుంది. "మేకల్ని రానియ్యద్దన్నవు. యాడాదంత ఒక్క మేకను రానిచ్చిన్నా? మనుషుల సంగతి నువ్వు చెప్పలే గద బేటా."

ఆమెను తప్పు పట్టడానికీ వీల్లేదు. బతుకమ్మ రోజుల్లో పూలు కోసుకోవడం దొంగతనం కిందికి రాదు. ఎవరి చేనైనా, ఎవరి దడి అయినా, పువ్వు కంటబడితే ఆడవాళ్ళు వంగి కోసుకుంటారు, చేనువాళ్ళు మొహం పక్కకు తిప్పుకుంటారు. అడిగారంటే అది మర్యాద, అంతే. ఈ లెక్కన చిలుకమ్మ చాలా మర్యాదస్తురాలు.

ఇంతలో సైకిల్ బెల్లు మోగింది. పోశయ్య గేటు దగ్గర దిగి, "సార్, రైలు ఆలస్యమట. పొద్దు వాలేదాక రాదట. పెద్దసారు ఒక్కడే పోయి తీసుకస్తడట. మిమ్ముల మొక్కల కాడ్నే ఉండుమన్నడు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"ఏ మొక్కల కాడ ఉండాలె పోశన్నా? చూడు!"

పోశయ్య పెరట్లోకి తొంగిచూశాడు. చూసి, "అయ్యయ్యో" అన్నాడు. ఆ అయ్యయ్యో కొంచెం ఆలస్యంగా వచ్చింది గానీ, ఎల్లస్వామి అది గమనించే స్థితిలో లేడు. పువ్వులు తిరిగి దొరికితే, ఉన్నంతలో కట్టలుగా కట్టి మట్టిలో గుచ్చి నిలబెడితే, దూరం నుంచి చూసే మేడానికి తేడా కనబడుతుందని అతని ఆశ. చీటీలు కూడా కాడలకే ఉన్నాయి కదా. ఎల్లస్వామి పోశయ్య సైకిల్ వెనక ఎక్కి, "పద, చిలుకక్క ఇంటికి" అన్నాడు.

చిలుకమ్మ వాకిట్లో చాప పరిచి, ఇద్దరు కోడళ్ళను అటూ ఇటూ కూర్చోబెట్టుకుని, బతుకమ్మ పేరుస్తోంది. పక్కన మూడు బేసిన్లు. ఒకదాంట్లో గులాబీ రంగు, ఒకదాంట్లో ఆకుపచ్చ, ఒకదాంట్లో నీలం. తెల్ల గునుగు కట్టలను తలకిందులుగా ముంచి, జాడించి తీసి ఎండలో పెడుతున్నారు. నీలం బేసినులో ఒక తెల్ల చీటీ తేలుతూ ఉంది. ఎల్లస్వామి స్వదస్తూరీతో ఇంగ్లీషులో రాసిన 'కంట్రోల్' అన్న మాట నీళ్ళలో నెమ్మదిగా కరిగిపోతోంది.

"చిలుకక్కా! ఆ గునుగు నాది!"

"తెలుసు తమ్మీ. నీ పేరు చెప్పుకొని ఆడ్తం. చల్లగ ఉండు" అంది చిలుకమ్మ.

"అది గాదక్కా. నాకు మల్ల గావాలె. రంగులెయ్యనియి ఉంటె గవ్వన్న ఇయ్యి."

"రంగెయ్యనిది అన్నిటికంటె కిందికి పేర్చిన. ఇప్పుడెట్ల వస్తది?"

ఎల్లస్వామి వంగి తాంబాళం వైపు చెయ్యి చాచాడు. కోడళ్ళిద్దరూ ఒక్కసారే కేక వేశారు. చిలుకమ్మ చేతిలోని తంగేడు పువ్వులు జారిపోయాయి. "పేర్చిన బతుకమ్మ మీద చెయ్యి ఏస్తవారా! చదువుకున్న పోరనివేనా నువ్వు?" అని ఆమె నివ్వెరపోయి చూసింది.

ఎల్లస్వామి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తప్పయిందక్కా. ఢిల్లీకెల్లి పెద్ద మేడం వస్తాంది. గునుగు లేకుంటె నా బతుకు ఆగమైతది."

"ఢిల్లీ మేడం మన బతుకమ్మకు వస్తాందా?"

"ఆ, ఆ" అన్నాడు ఎల్లస్వామి తొందరలో. అప్పటికే అతని మనసు తర్వాతి ఇంటి మీద ఉంది. "మా ప్రొఫెసర్ సారు ఇంటికి వస్తాంది."

అతను వాకిలి దాటకముందే చిలుకమ్మ పెద్ద కోడలు పక్కింటి గోడ దగ్గరికి పరుగెత్తింది. ఢిల్లీ ఆఫీసరమ్మ బతుకమ్మ ఆడటానికి వస్తోందని, ఆమెకు గునుగు దొరకక ఎల్లస్వామి ఏడుస్తూ తిరుగుతున్నాడని వాడ మొత్తం పాకింది. అంత పెద్ద మనిషి వచ్చి, బతుకమ్మ లేకుండా వెనక్కిపోతే వాడకే చెడ్డపేరని ఆడవాళ్ళు అనుకున్నారు. అందరి బతుకమ్మలూ ఈసారి ముందుగా ప్రొఫెసర్ గారి ఇంటికే పోవాలని తీర్మానమైపోయింది.

ఈ తీర్మానం సంగతి తెలియక ఎల్లస్వామి మిట్టమధ్యాహ్నం దాకా ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ అతనికి రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద పెట్టారు, పువ్వు మాత్రం ఇవ్వలేదు. ఒకామె అతని మొహం చూసి జ్వరమేమోనని దవాఖానకు పొమ్మంది. ఇంకొకామె, "బతుకమ్మల మీద పడి గుంజుకుంటున్నడట, నువ్వేనా ఆ పిల్లగానివి?" అని తలుపు వేసుకుంది. పోశయ్య ఓపిగ్గా సైకిల్ తొక్కాడు. ప్రొఫెసర్ గారి వీధి మలుపు వచ్చినప్పుడల్లా మాత్రం, "ఆ దిక్కు వద్దు సార్. ఆ దిక్కు గునుగు ఎవ్వల కాడ లేదు" అని హ్యాండిల్ పక్కకు తిప్పాడు.

పొద్దు వాలింది. వేరే దారి లేక ఎల్లస్వామి ఆ వీధిలోకే వెళ్ళాల్సి వచ్చింది. పోశయ్య గేటు దగ్గరే సైకిల్‌కు స్టాండు వేసి, ఆ స్టాండు సరిచేస్తూ ఉండిపోయాడు.

వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో మాథుర్ మేడం కూర్చుని టీ తాగుతోంది. నెరిసిన జుట్టు, నూలు చీర, నవ్వుతుందో లేదో చెప్పలేని మొహం. కలుపు మందుల మీద దేశంలో పేరున్న మనిషి. ఇంకో కుర్చీలో రాజేశ్వర్ రావు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. వాళ్ళిద్దరి మధ్య, పీట మీద, ప్రొఫెసర్ గారి భార్య రుక్మిణమ్మ పేర్చిన బతుకమ్మ నిలబడి ఉంది. వీధిలో అంత ఎత్తు బతుకమ్మ ఇంకొకటి లేదు. ఒక వరస గులాబీ, ఒక వరస నీలం, ఒక వరస ఆకుపచ్చ. అన్నీ గునుగు పూలే. చూడ్డానికి బాగున్నాయని రుక్మిణమ్మ చీటీలను కూడా తీయలేదు. శిఖరం చుట్టూ తెల్ల చీటీలు గాలికి ఊగుతున్నాయి.

ఎల్లస్వామి మెట్ల మీదే కొయ్యబారిపోయాడు. గేటు వైపు చూశాడు. పోశయ్య సైకిల్ వెనక్కి తప్పుకున్నాడు.

"పీకొద్దన్నరు" అన్నాడు పోశయ్య సన్నని గొంతుతో. "పీకలే. కోసిన. ఏర్లు అట్లనే ఉన్నయి సార్. నిన్న పెద్దసారే, యాడికెల్లన్న సరే అమ్మగారికి గునుగు తెమ్మన్నడు."

వరండాలో మాథుర్ మేడం ఒక చీటీని వేలితో పట్టుకుని ఇంగ్లీషులో అడుగుతోంది. "కంట్రోల్ అని రాసి ఉంది. ఇవి మీ విద్యార్థి మొక్కలే కదా?"

రాజేశ్వర్ రావు చదువులో గట్టివాడు గానీ గాభరా పడితే నాలుక ఆయన మాట వినదు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఫలహారం పళ్ళెంతో గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆయన మళ్ళీ మేడం వైపు తిరిగి, "అవును" అన్నాడు.

"గునుగు తెల్లగా ఉంటుందని మీరు పంపిన రిపోర్టులో చదివాను. ఇవి గులాబీగా ఉన్నాయి. నీలంగా కూడా ఉన్నాయి."

"అదే మేడం... అదే మేము అనుకోకుండా కనిపెట్టింది. మా మందు ప్రభావం."

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. వచ్చిన తర్వాత వెనక్కి తీసుకునే దారి కనబడలేదు. ఎల్లస్వామి కళ్ళు పెద్దవయ్యాయి.

"మందు వల్ల రంగు మారిందా?" అంది మేడం.

"డోసును బట్టి. తక్కువైతే గులాబీ, ఎక్కువైతే నీలం."

"ఆకుపచ్చ?"

"మధ్యస్థం."

మేడం ఒక నీలం పువ్వును వేళ్ళ మధ్య నలిపింది. వెంటనే పిడికిలి మూసి ఒళ్ళో పెట్టుకుంది. "కానీ కంట్రోల్ అంటే మందు కొట్టని మొక్కలు కదా?"

రాజేశ్వర్ రావు చెమట తుడుచుకున్నాడు. "గాలి, మేడం. గాలికి మందు ఇటు పక్కకు కూడా కొట్టుకొచ్చింది. చాలా శక్తిగల మందు."

"ఇతనేనా మీ విద్యార్థి?" మేడం ఎల్లస్వామి వైపు తిరిగింది. "నిజమేనా? గాలికి రంగు మారిందా?"

ప్రొఫెసర్ గారు ఆమె వెనక నుంచి రెండు చేతులూ జోడించి ఎల్లస్వామిని వేడుకుంటున్నాడు. ఎల్లస్వామి నోరు తెరిచాడు. అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో చప్పట్లు, పాట వినిపించాయి.

చిలుకమ్మ ముందు నడుస్తోంది. ఆమె వెనక కోడళ్ళు, వాళ్ళ వెనక వాడ వాడంతా. ప్రతి మనిషి నెత్తి మీదా ఒక బతుకమ్మ. అందరితో పాటు మెహరున్నీసా కూడా వచ్చింది. చూస్తుండగానే ముంగిలి నిండింది. బతుకమ్మలన్నీ నేల మీదికి దిగాయి. ఎటు చూసినా గునుగే. గులాబీ, నీలం, ఆకుపచ్చ.

మాథుర్ మేడం టీ కప్పు కింద పెట్టి, ముంగిలిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"ప్రొఫెసర్ గారూ, గాలి ఈ వీధంతా వీచిందా?"

రాజేశ్వర్ రావు కుర్చీలో కూలబడ్డాడు. ఇక ఆయన నోట అబద్ధం కూడా రాలేదు. ఆ తెల్లబోయిన మొహం చూస్తే ఎల్లస్వామికి జాలేసింది. దానితో పాటు తన మీద తనకు కోపమూ వచ్చింది. పోయేది ఎలాగూ పోయింది, ఇక దాచేదేముంది అనుకున్నాడు.

"రంగు బజారులో కొన్నది మేడం" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "మా మందుది కాదు. పండగని మా పెరట్లో పూలన్నీ కోసుకున్నారు. మీకు చూపించడానికి నా దగ్గర ఎండిన సగం తప్ప ఏమీ లేదు."

మేడం ఒళ్ళోంచి చెయ్యి తీసి పిడికిలి విప్పింది. అరచెయ్యి నీలంగా ఉంది. "నాకు తెలుసు" అంది. "డోసు ఎక్కువైనట్టుంది."

ప్రొఫెసర్ గారు కళ్ళు మూసుకున్నాడు.

ఆమె మెట్లు దిగి, మెహరున్నీసా తల మీది ముసుగు చూసి, హిందీలో పలకరించింది. తన మాట అర్థమయ్యే మనిషి వచ్చినందుకు మెహరున్నీసా పొంగిపోయి, ఉర్దూలో అంతా చెప్పేసింది. ఈ పువ్వు లేకుండా పండుగ లేదని, ఈ యేడు ఎక్కడా దొరకలేదని, ఈ పిల్లవాడు చల్లగా ఉండాలి, పెరటి నిండా పెంచాడు కాబట్టి వాడ ఆడవాళ్ళంతా గట్టెక్కారని. ఏడాదిగా తాను ఒక్క మేకనూ రానివ్వలేదన్న సంగతి కూడా చెప్పింది.

"ఎందుకు పెంచాడో మీకు తెలుసా?" అంది మేడం.

"ఎందుకేముంది, ప్రేమగా పెంచాడు."

"ఈ మొక్కను జిల్లాలో ఒక్కటి కూడా లేకుండా చేసే మందు కోసం పెంచాడు. సర్కారు అతనికి డబ్బిచ్చేది అందుకే."

మెహరున్నీసా నవ్వు ఆగిపోయింది. ఎల్లస్వామిని చూసింది. మళ్ళీ మేడం వైపు చూసింది.

"ఏమంటాంది ఢిల్లీ అమ్మ?" అని చిలుకమ్మ ఆమె మోచెయ్యి పట్టి కుదిపింది. "ఆడ్తదటనా?"

మెహరున్నీసా మెల్లగా తెలుగులో చెప్పింది. చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో పిల్లను ఎత్తుకున్నామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడకుండా ఉండటం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

"గునుగునే లేకుంట జేస్తవా?" అంది చిలుకమ్మ. గొంతులో కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువగా ఉంది. "ఏం పాపం జేసింది తమ్మీ అది? మీ అవ్వ బతుకమ్మ ఆడదా?"

"ఆడ్తది" అన్నాడు ఎల్లస్వామి.

"దేనితోని పేరుస్తది?"

అతనికి అమ్మ మొగిలమ్మ గుర్తొచ్చింది. ఒళ్ళో గునుగు కట్టలతో చేనుగట్టు మీద నడిచివచ్చే అమ్మ. ఇన్నాళ్ళూ ఆ కట్టలూ, తాను మందు కొట్టిన మొక్కలూ ఒకటేనన్న ఆలోచనే అతనికి రాలేదు. అదే అతన్ని అన్నిటికంటే ఎక్కువ అదరగొట్టింది.

"గునుగుతోనే అక్కా. మా నాయిన చేన్లదంత పీకిస్తడు గని, గట్టు మీదిది మాత్రం పండుగ అయ్యేదాక ముట్టనియ్యడు. అవ్వ కోసం ఉంచుతడు."

మేడం ఆ మాటను మెహరున్నీసాతో చెప్పించుకుని విన్నది. తర్వాత ఎల్లస్వామి ముందుకు వచ్చి నిలబడింది.

"రిపోర్టులో నువ్వు, ఈ మొక్క వల్ల ఉపయోగం ఏమీ లేదని రాశావు. ఎందుకు రాశావు?"

"పుస్తకాల్లో అలాగే ఉంది మేడం."

"నేనే రాయమన్నాను" అన్నాడు రాజేశ్వర్ రావు కుర్చీలోంచి. ఆ పూటకు అది ఆయన చెప్పిన మొదటి నిజం.

"పెరడు చూపించు" అంది మేడం.

అందరూ కదిలారు. బతుకమ్మల దగ్గర పోశయ్యను కాపలా పెట్టి, ఆడవాళ్ళు కూడా వెంట వచ్చారు. మేడం ఎండిన సగాన్ని చాలాసేపు చూసింది. ఒక కట్టెను విరిచి చూసింది. రెండో సగంలో కొయ్యకాళ్ళ ముందు కూర్చుని, ఒకదాని పక్కన గోటితో గీరింది. లేత చిగురు కనబడింది.

"మందు బాగా పనిచేస్తోంది" అంది లేచి. "చిక్కే అది. దీని మీద నేను సంతకం పెట్టను."

ఎల్లస్వామి కళ్ళ ముందు రాజమల్లు సేటు అడ్తి, వడ్ల దుమ్ము, గుమాస్తా పీట కనబడ్డాయి. మెహరున్నీసా ఆ మాట తెలుగులో చెప్పగానే ఇప్పుడు షాక్ తినడం ఆడవాళ్ళ వంతైంది. ఇంతకుముందే అతన్ని నిలదీసిన చిలుకమ్మ మేడానికి అడ్డం వచ్చి నిలబడింది.

"అట్లెట్ల అమ్మా? తప్పయితె మేం కొడ్తం, మేం తిడ్తం. పిల్లగాని పొట్ట మీద కొడ్తవా? ఈ యేడు మా బతుకమ్మలు నిలబడ్డయంటె ఈయన పుణ్యమే!"

దీన్ని ఉర్దూలోకి మార్చేటప్పుడు మెహరున్నీసా తన వంతు కూడా కొంత కలిపింది. మేడం మొహంలో మొదటిసారి నవ్వు లాంటిది కనబడింది.

"దీని మీద పెట్టనన్నాను. అసలు పెట్టనని అనలేదు" అంది. "జొన్నకు నష్టం లేకుండా గట్టు మీద గునుగు ఎంత ఉండొచ్చు? ఎంత వెడల్పున ఉంచితే చేలోకి దిగదు? అది తేల్చు. ఫెలోషిప్ సాగుతుంది. మందు డబ్బా మాత్రం నాకు ఇచ్చెయ్యి."

ఎల్లస్వామి కొయ్యకాళ్ళ మధ్య కూర్చుండిపోయి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. చిలుకమ్మ అతని నెత్తిన ఒక్కటి మొట్టి, ఆ తర్వాత మేడం చెయ్యి పట్టుకుని ప్రొఫెసర్ గారి ముంగిలికి లాక్కుపోయింది. నీలం అరచెయ్యితో మాథుర్ మేడం చప్పట్లు కొడుతూ రుక్మిణమ్మ పక్కన తిరుగుతుంటే, రాజేశ్వర్ రావు వరండాలోంచి నమ్మలేనట్టు చూస్తూ కూర్చున్నాడు. పోశయ్యకు మాత్రం ఆయన మర్నాడే కొత్త హుకుం జారీ చేశాడు. పీకొద్దు, కొయ్యొద్దు, నేను చెప్పినా కొయ్యొద్దు.

దసరా మర్నాడు ఎల్లస్వామి కేసముద్రం వెళ్ళి సంగతంతా చెప్పాడు. మొగిలమ్మ కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. కొమురెల్లి మాత్రం మధ్యలోనే లేచి నిలబడ్డాడు.

"అంటె ఇప్పుడు సంపుడు గూడ లేదా?"

"లేదు నాయినా. గట్టు మీద ఉంచుడే."

"ఉంచినందుకు పైసలిస్తరా?"

"ఇస్తరు."

కొమురెల్లి తువ్వాల భుజాన వేసుకుని, ఆ షాక్‌లోనే తిన్నగా మార్కెట్ యార్డుకు నడిచాడు. రాజమల్లు సేటు దుకాణంలో తూకం వేయిస్తున్నాడు.

"సేటూ, మావోడు గుమాస్తా పనికి రాడు" అన్నాడు కొమురెల్లి. "సర్కారోళ్ళ గునుగుకు కాపలా ఉన్నడు. ఎవ్వలు పీకకుంట చూసుకోవాలెనట. అంతే పని."

రాజమల్లు సేటు తూకం ఆపించి, పక్కకు పిలిచి, తన కొడుకును కూడా అందులో పెట్టించే వీలుందేమో కనుక్కోమన్నాడు.